అమ్మానాన్నల్ని ఫిబ్రవరిలో పిలవండి

అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు మనం చూపించే అమెరికా ఒకటుంది. నయాగరా, వైట్‌హౌస్ బయటి కంచె, ఏదో ఒక గుడి, కాస్ట్‌కో. పడమటి వైపు ఉండేవాళ్లమైతే లాస్‌వేగస్‌లో ఫౌంటెన్ల డ్యాన్సు, హూవర్ డ్యామ్ మీద ఒక ఫొటో, గ్రాండ్ కాన్యన్ రెయిలింగ్ పట్టుకుని ఇంకో ఫొటో. కారు దిగడం, చూడటం, కారెక్కడం. ఇంతేనా అని ఎవరైనా అడిగితే అందరి దగ్గరా ఒకటే జవాబు: "పెద్దవాళ్లు కదండీ, నడవలేరు."

నేనూ అన్నాను. మా వాడు పుట్టినప్పుడు మా అమ్మానాన్నా వచ్చి ఆర్నెల్లు ఉన్నారు. అప్పుడు మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పిల్లాడిని భుజానేసుకుని రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగారో లెక్కలేదు. ఇప్పుడు వాడికి మూడేళ్లు, 14 కిలోలు. మొన్నటి చలికాలం మళ్లీ వచ్చినప్పుడు కూడా నాన్న వాడిని చంకనెత్తుకునే పార్కుకి తీసుకెళ్లేవాడు. అప్పుడు మాత్రం "నడవలేరు" అన్న మాట నాకు గుర్తు రాలేదు. మన అవసరానికి మోసినప్పుడు ఓపిక ఉంటుంది, వాళ్ల సరదాకి నడుస్తామంటే మోకాళ్లు గుర్తొస్తాయి. ఇది నాకు నేను వేసుకుంటున్న అక్షింతలే, ఎవరూ నొచ్చుకోకండి.

మేముండేది అరిజోనాలోని చాండ్లర్‌లో. పొద్దున్నే నాన్న మా కాంప్లెక్సు చుట్టూ రౌండ్లు కొట్టేవాడు. వేలి కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ రోజుకు నలభై. ఒకరోజు కిటికీలోంచి చూస్తే, జూపార్కులో పులి బోను లోపల తిరిగినట్టే అనిపించింది. ఆ రోజే అడిగాను: "ఎడారిలో నడిచిపోతే ఒక వేడినీళ్ల ఊట ఉందట. వస్తావా?"

"ఎంత దూరం?"

"పోనూ రానూ ఆరు మైళ్లు. పది కిలోమీటర్ల దాకా ఉంటుంది."

"నీళ్లు ఎంత వేడుంటయి?" అన్నాడు. దూరం గురించి మళ్లీ మాట్లాడలేదు.

అమ్మ మాత్రం రానంది. "నా మోకాలు సంగతి నాకు తెల్సు. మీరిద్దరు పోయి రాండి." నేను బతిమాలలేదు. ఆవిడ కాలు గురించి ఆవిడ చెప్పింది, సరిపోయింది. నేను నాన్న కాలు గురించి నాన్నని అడగకుండా మూడేళ్లపాటు చెప్పాను చూశారా, తేడా అక్కడుంది.

నాన్న గురించి ఒక మాట. వయసు 67. సింగరేణిలో ముప్పై ఏళ్ల పైచిలుకు, చాలా భాగం అండర్‌గ్రౌండ్ బాయిల్లో, అంటే నేల కింది బొగ్గు గనుల్లో. కూలీల భద్రత చూసే సర్దార్‌గా చేశాడు, తర్వాత ఆ పైమెట్టు ఓవర్‌మ్యాన్. కొత్తగూడెంలో కొన్నాళ్లు, మణుగూరులో కొన్నాళ్లు. వేడినీళ్లు అనగానే ఆయన చెవులు నిక్కపొడుచుకోవడానికి కారణం మణుగూరే. ఆ పక్కన పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు తన్నుకొచ్చాయి, ఏళ్ల తరబడి అలా పారుతూనే ఉన్నాయి. ఈ మధ్యే ఆ వేడితో కరెంటు తీయవచ్చేమో చూద్దామని 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు కూడా పెట్టారు. భద్రాచలం దగ్గర గుండాలలో అయితే గోదావరి ఒడ్డున ఇసుక తవ్వినా వేడినీళ్లే ఊరతాయి. కాబట్టి నేల కింద వేడి ఉంటుందని ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు.

మేం వెళ్లిన చోటు పేరు అరిజోనా హాట్ స్ప్రింగ్స్. లేక్ మీడ్ నేషనల్ రిక్రియేషన్ ఏరియాలో, హూవర్ డ్యామ్ దాటాక అరిజోనా వైపు నాలుగు మైళ్ల దూరంలో హైవే 93 పక్కనే దారి మొదలవుతుంది. మొహావీ ఎడారి అది. పక్కనున్న లాస్‌వేగస్‌లో ఏడాది మొత్తం కలిపినా నాలుగంగుళాల వాన పడితే గొప్ప. ముందు రోజు రాత్రి బౌల్డర్ సిటీలో దిగాం. డ్యామ్ కట్టే కూలీల కోసం 1930ల మొదట్లో కట్టిన ఊరది. జూదానికి మారుపేరైన నెవాడాలో కాసినో లేని అతి కొద్ది ఊళ్లలో ఇదొకటి. అమ్మ, మా ఆయన, పిల్లాడు అక్కడే ఆగిపోయారు.

పొద్దున ఏడున్నరకి నడక మొదలుపెట్టాం. తలా ఒక గ్యాలన్ నీళ్లు, అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ. నాన్న వాటా కూడా నేనే మోస్తానన్నాను. ఒప్పుకోలేదు. కాసేపు సంచులు ఇటూ అటూ లాక్కుని చివరికి ఎవరివి వాళ్లం తగిలించుకున్నాం.

మొదట్లో చూడ్డానికేమీ ఉండదు. రాళ్లు, గ్రీజ్‌వుడ్ అనీ క్రియోసోట్ అనీ పిలిచే పొదలు, అక్కడక్కడ డ్రమ్ము ఆకారంలో ముళ్ల జెముడు. తర్వాత వైట్ రాక్ కాన్యన్‌లోకి దిగుతాం. రెండు వైపులా గోడలు దగ్గరికొచ్చి, కింద గులకరాళ్లు, ఇసుక. నేను ఇంగ్లిషులో చదివినదాన్ని బట్టి దాన్ని "వాష్" అంటారని చెప్పబోతుంటే, నాన్న కిందా పైనా చూసి, "ఇది వాగు కదా బిడ్డా" అన్నాడు. వాగే. నీళ్లు లేని వాగు. గోడ మీద మా తలల కన్నా ఎత్తున, ఒక పగుల్లో ఎండుకొమ్మలు, చెత్త ఇరుక్కుని ఉన్నాయి. అది చూపించి, "నీళ్లు ఇంత ఎత్తు వచ్చినయి. పైన వాన పడే సూచన ఉందా?" అని అడిగాడు. మా నెత్తిమీద ఆకాశం శుభ్రంగా ఉంది. కానీ ఆయన అడిగింది మా నెత్తిమీద ఆకాశం గురించి కాదు. ఎడారి నేల నీళ్లను గబుక్కున పీల్చుకోదు, ఎక్కడో పది మైళ్ల అవతల కురిసిన వాన కూడా ఇలాంటి సందులోకే వచ్చి పడుతుంది. నేను వాతావరణం చూసుకునే వచ్చాను, కానీ చూసింది పార్కింగు దగ్గరిది మాత్రమే. ఆయన అడిగాక పై ప్రాంతం కూడా చూద్దామంటే సిగ్నల్ లేదు. "మబ్బు లేదు, గాలి లేదు, పోదాం పద. వచ్చేటప్పుడు మళ్లీ చూద్దాం" అన్నాడు.

దారి సన్నబడిన చోట ఒక రాయి గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చి ఉంది. నాన్న చేతికర్రతో దాన్ని రెండుసార్లు కొట్టి చెవి పెట్టి విన్నాడు. సర్దార్ల పని అది. బాయిలో కప్పును కర్రతో కొట్టి చూస్తారు, ఖణేల్‌మంటే గట్టిది, బోలుగా డొల్లగా మోగితే కింద ఎవరూ నిలబడకూడదు. రిటైరై ఇన్నేళ్లయినా చెయ్యి మర్చిపోలేదు. "బానే ఉంది" అని నాకు సర్టిఫికెట్ ఇచ్చి ముందుకు నడిచాడు.

ఇక్కడే నా వాదన మొదటి సగం చెప్పేస్తాను. మన పెద్దవాళ్లకు ప్రమాదం తెలియదని మనం అనుకుంటాం. ఇంగ్లిషు బోర్డు గబగబా చదవలేరు కాబట్టి, ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు ఒక్క క్షణం తడబడతారు కాబట్టి. నిజానికి మన ఊళ్ల నుంచి వచ్చే చాలామంది బతుకంతా ప్రమాదం పక్కనే పనిచేసినవాళ్లు. బాయిలో, పొలంలో పాముల మధ్య, కరెంటు మోటార్ల దగ్గర, వాగులు దాటి బడికి వెళ్తూ. ఏసీ గదిలో కీబోర్డు కొట్టుకునే నాకు ఎడారి గురించి తెలిసిందంతా ఫోన్‌లో చదివింది. తెలిసినవాళ్లకు తెలియనివాళ్లం కాపలా కాస్తున్నాం.

ఆ వాగు చివరి దాకా దిగాక కొలరాడో నది. ఎత్తులో లెక్కేస్తే ఎనిమిది, తొమ్మిది వందల అడుగులు కిందికి వచ్చేశాం. ఇరువైపులా నల్లటి కొండ గోడలు, మధ్యలో సీసా గాజులాంటి ఆకుపచ్చ నీళ్లు. చెయ్యి పెడితే జిల్లుమంది. పైనున్న హూవర్ డ్యామ్ తన వెనకున్న లేక్ మీడ్ జలాశయం లోతుల్లోంచి నీళ్లు వదులుతుంది, అందుకే ఏడాది పొడవునా చల్లగానే వస్తాయి. ఆ ఆనకట్ట లేనప్పుడు ఈ నది ఎర్రగా, బురదగా, ఇష్టమొచ్చినట్టు పారేది. ఇక్కడి సుడులు దాటలేక 19వ శతాబ్దంలో ఆవిరి పడవలవాళ్లు రాతిలో ఇనప రింగులు దిగ్గొట్టి, తాళ్లు కట్టి పడవల్ని ఎదురు లాగేవాళ్లట. ఈ ఊటకి రింగ్‌బోల్ట్ అనే రెండో పేరు అలా వచ్చిందే.

నది పక్క నుంచి కిందివైపు కొంత దూరం పోయి ఇంకో సందులోకి తిరగాలి. ఇక్కడ నేను దారి తప్పాను. ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్‌లో చుక్క ఒకచోట, మేం ఇంకోచోట. అయినా ధీమాగా ఒక బండ మీదికి ఎక్కించాను. అవతల దిగడానికి జారుడు తప్ప ఏమీ లేదు. కూర్చుని జారితే దిగిపోవచ్చు అనిపించింది. నాన్న కదల్లేదు. "దిగుడు సరే, ఇది దారి కాకపోతే మళ్లెట్ల ఎక్కుతవు?" అన్నాడు. వెనక్కొచ్చాం. ఎవరో రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చిన గుర్తులు ఉన్నాయి, నేను ఫోన్ చూస్తూ వాటిని దాటేసి వచ్చాను. అరగంట పోయింది.

సందులోకి తిరిగి కొంచెం పైకి నడిచేసరికి కాళ్ల కింద నీళ్లు గోరువెచ్చగా తగిలాయి. తర్వాత ఇనప నిచ్చెన, 20 అడుగులు. వేడినీళ్లు ఆ నిచ్చెన పక్క నుంచే చిన్న జలపాతంలా దిగుతుంటాయి, మెట్లన్నీ తడి. నేను దాన్ని ఫోన్‌లో చూసే ఇంటి దగ్గర రెండు రాత్రులు టెన్షన్ పడ్డాను. నాన్న దాన్ని ఊపి చూసి, బిగింపులు చూసి, "నువ్వు ముందు ఎక్కు, నేను కింద ఉంట" అన్నాడు. ఎవరు ఎవరికి సాయం వచ్చారో ఆ క్షణాన నాకు అర్థం కాలేదు.

నా ఇంకో పెద్ద టెన్షన్ కూడా ఒప్పుకుంటాను. అమెరికాలో ఇలాంటి ఊటల దగ్గర కొందరు ఒంటిమీద బట్టల్లేకుండా కూర్చుంటారు. నాన్నతో వెళ్తున్న కూతురికి ఇంతకన్నా ఇబ్బంది ఏముంటుంది? వెళ్లేసరికి నిజంగానే ఒక పెద్దమనిషి అలాగే ఉన్నాడు. నాన్న ఒక్కసారి చూసి, గోడ వైపు తిరిగి, ఆ రాయి ఏం రాయో ఐదు నిమిషాలపాటు వివరించాడు. ఇంతకాలం నేను ఆయనకు షాక్ కొడుతుందని భయపడిన విషయం అది.

పైన మడుగులు మూడు నాలుగు ఉన్నాయి. "సహజమైన" ఊట అని అందరం అంటాం గానీ మడుగులు సహజం కాదు. ఎవరెవరో ఇసుక బస్తాలు మోసుకొచ్చి అడ్డం పేర్చారు, నీళ్లు అక్కడ నిలుస్తున్నాయి. పెద్ద వరద వస్తే కొట్టుకుపోతాయి, మళ్లీ ఎవరో పేరుస్తారు. పై మడుగు బాగా వేడి, కాలు పెట్టి తీసేశాను. కిందికొచ్చే కొద్దీ తగ్గుతుంది. ఎర్రటి రాతి గోడల మధ్య, మనిషి చేతులు చాస్తే రెండు వైపులా అందే సందులో, నడుం లోతు వేడినీళ్లు. వర్షపు నీళ్లు రాతి పగుళ్లలోంచి చాలా లోతుకి ఇంకి, అక్కడ కాగి, ఇంకో పగులు దొరికితే పైకొస్తాయి. భూమిలోకి కిలోమీటరు దిగితే మామూలుగా పాతిక, ముప్పై డిగ్రీలు పెరుగుతుంది. ఇది నేను చదివి చెప్పాను. "బాయి లోతుకు పోయిన కొద్ది ఉక్క. గాలి కొట్టకపోతే నిలబడలేం" అని నాన్న ఒంటితో తెలుసుకున్నది చెప్పాడు. రెండూ ఒకటే లెక్క.

ఇక అసలు గొడవ జరుగుతుందని నేను అనుకున్న చోటు. ఆ నీళ్లలో తల ముంచకూడదు. నెగ్లీరియా ఫౌలెరీ అని ఒక అమీబా ఇలాంటి వేడినీళ్లలో బతుకుతుంది. నీళ్లు తాగితే రాదు, ముక్కులోంచి పోతే మెదడుకు ఎక్కుతుంది. చాలా అరుదు, కానీ ఎక్కిందంటే బతికేవాళ్లు దాదాపు ఉండరు. కేరళలో 2024, 2025లో "మెదడు తినే అమీబా" అని పేపర్లలో వచ్చింది, ఆ వార్తలు మా ఇంట్లోనూ చూశారు. లేక్ మీడ్ వాళ్లు దీని గురించి బోర్డులు పెట్టారు. కానీ మనకు ఊట అంటే ఏమిటి? మూడు మునకలు. తల తడవని స్నానం స్నానమే కాదు, పుణ్యం సంగతి తర్వాత. నాన్న మునుగుతానంటే ఎలా ఆపాలి అని దారంతా మాటలు కూడబలుక్కున్నాను.

బోర్డు సంగతి చెప్పగానే ఆయన ఒకటే అడిగాడు. "ముక్కుల్నుంచేనా?" అవునన్నాను. మెడ దాకా కూర్చుని, తల మీద కప్పుకున్న తువ్వాలు కూడా విప్పి పొడి రాయి మీద పెట్టేశాడు, జారి పడితే అందుకోబోయి మునుగుతానేమోనని. "బాయిలకు బీడీ, అగ్గిపెట్టె తీస్కపోవద్దంటరు. దిగే ముందు జేబులు చూస్తరు. ఎందుకని అడగాల్సిన పని లేదు, గ్యాస్ ఉంటదని అందరికి తెల్సు" అన్నాడు. ఆ రోజు మడుగులో తలతో సహా మునిగి లేచి, జుట్టు విదిలించి నవ్వినవాళ్లు ఇద్దరు. ఇద్దరూ పాతికేళ్ల లోపు కుర్రాళ్లు. బోర్డు చదవడం వచ్చినవాళ్లే.

ఆరోజు గంటసేపు ఆ నీళ్లలో కూర్చున్నాం. ఏం మాట్లాడుకున్నామో అన్నీ ఇక్కడ రాయను. బాయిలో పోయిన ఒక స్నేహితుడి గురించి నాన్న చెప్పాడు. నేను పుట్టిన ఏడాది సంగతి అది, నాకు ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. ఫౌంటెన్ల డ్యాన్సు ముందు నిలబడి చెప్పేది కాదు.

ఇప్పుడు ఎదురువాదన. నేను రాసింది చదివి జులైలో మీ అమ్మానాన్నల్ని అక్కడికి తీసుకెళ్లారంటే నా మీద ఒట్టే. తీసుకెళ్లలేరు కూడా, ఆ దారిని ఏటా మే 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా మూసేస్తారు. 45 డిగ్రీల ఎండలో ఆ సందులు పెనంలా కాగుతాయి, తిరుగు ప్రయాణమంతా ఎక్కుడు. ఎండదెబ్బకు మనుషులు చనిపోయిన దారులివి. మన దగ్గర మేలో భద్రాచలం ఎండ చూశాం, ఇదెంత అనుకునేవాళ్లుంటారు. ఆ ఎండలో మనవాళ్లు పన్నెండు నుంచి నాలుగు దాకా గడప దాటరన్న సంగతి మర్చిపోతారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన పెద్దవాళ్లు ఎక్కువగా ఎప్పుడొస్తారు? ఎండాకాలంలో. ఎందుకంటే బళ్లకు సెలవులు, పిల్లల్ని చూసుకోవాలి. లేదంటే పురుడు ఎప్పుడుంటే అప్పుడు. వాళ్ల వీసా ఆర్నెల్లు మన క్యాలెండర్ ప్రకారం ఖర్చవుతుంది. అరిజోనా, నెవాడా ఎడారిలో మనిషి బయట తిరగగలిగేది నవంబర్ నుంచి మార్చి దాకా. ఆ నెలల్లో వాళ్లు ఉండరు, వాళ్లున్న నెలల్లో ఎడారి మూసి ఉంటుంది. ఆపైన "ఇక్కడ ఇంట్లో కూర్చోవడం తప్ప ఏముంది" అని వాళ్లంటే, బోర్ కొడుతోందని విసుక్కుంటున్నారని మనం అనుకుంటాం.

ఇన్సూరెన్స్ సంగతి నాకూ తెలుసు. టూరిస్టు పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బులకు ఏమాత్రం ఇస్తారో, ఇక్కడ హెలికాప్టర్ వస్తే బిల్లు ఎంతవుతుందో అన్నీ ఆలోచించాను. నాన్నకు బీపీ మాత్రలున్నాయి. వెళ్లే ముందు ఊళ్లో డాక్టరుకి ఫోన్ చేసి, రోజూ ఎంత నడుస్తాడో చెప్పి, సరేనన్నాకే వెళ్లాం. గుండె జబ్బు ఉన్నవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు వేడినీళ్లలో కూర్చునే ముందు డాక్టరుని అడగాల్సిందే. అందరినీ నడిపించమని నేననడం లేదు. అడగమంటున్నాను. వద్దంటే మా అమ్మలా వద్దంటారు.

తిరుగు నడక గురించి గొప్పలేం చెప్పను. సన్నటి గులకరాళ్లలో ప్రతి అడుగూ సగం వెనక్కి జారుతుంది. నాకు పిక్కలు పట్టేశాయి. నాన్న నెమ్మదిగా, ప్రతి మలుపు దగ్గరా ఆగి, రెండు గుక్కలు తాగి, మళ్లీ నడిచాడు. ఒకచోట చాలా పైన అడవి గొర్రె ఒకటి, చుట్టలు తిరిగిన కొమ్ములతో, గోడకు అంటించినట్టు నిలబడి మమ్మల్ని చూస్తోంది. మూడున్నరకి కారు దగ్గరికి చేరాం. నేను అనుకున్న దానికన్నా రెండు గంటలు ఆలస్యం, అందులో అరగంట నా ఫోన్ మ్యాప్ పుణ్యమే.

హోటల్లో బూట్లు విప్పాక బయటపడింది. నాన్న కాలి బొటనవేలి గోరు నల్లబడింది, మడమ మీద పెద్ద పొక్కు. నది దగ్గరే మొదలైందట, చెప్పలేదు. అమ్మ ఇద్దర్నీ కలిపి వాయించింది. రెండు రోజులు కుంటుతూనే నడిచాడు. కాబట్టి తప్పు నాది కూడా: కొత్త బూట్లు కొనిచ్చి వారం తిరగకుండా నడిపించాను. తీసుకెళ్లేవాళ్లు ఈ ఒక్కటైనా గుర్తుంచుకోండి, పాత బూట్లతోనే తీసుకెళ్లండి.

ఆ రాత్రే మణుగూరులో తన పాత షిఫ్టు స్నేహితుడికి వీడియో కాల్ చేశాడు. నది, నిచ్చెన, కొండ గొర్రె అన్నీ చెప్తాడనుకుని పక్కనే కూర్చున్నాను. "నీళ్లు బాగనే ఉన్నయి గాని, మన పగిడేరంత వేడి లేవు" అన్నాడు. అవతలాయన తృప్తిగా తలాడించాడు.

అమ్మ ఆ మాటలన్నీ వింటూ పిల్లాడికి అన్నం తినిపిస్తోంది. ఫోన్ పెట్టేశాక, "నది దాకా నడవకుండ పోయే తోవ లేదా?" అంది. ఉంది. నదికి దిగువన ఉన్న విల్లో బీచ్ అనే చోటు నుంచి ఎనిమిది మైళ్లు పడవలో ఎదురెక్కి ఆ సందు ముఖద్వారం దగ్గర దిగొచ్చు. నిచ్చెన మాత్రం తప్పదు అన్నాను.

"నిచ్చెన సంగతి తర్వాత చూద్దాం. పడవకి ఎంత తీసుకుంటరు?" అంది.